సాక్ష్యంలో నేను చెప్పని సూది

చనిపోయినవాళ్లు తిరిగొస్తారంటే నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆదివారం తార్నాకలో మా చర్చి సంఘానికి వెళతాను, ప్రార్థన చేస్తాను, అంతవరకే. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. ఆ సంఘంలో నేను చెప్పిన సాక్ష్యం ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయినేడు స్కాన్‌లో నా కుడి ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత గడ్డ కనిపించింది. స్కాన్ నుంచి లోపలి దారులకు మ్యాప్ తయారుచేసి, నోట్లోంచి సన్నటి గొట్టాన్ని రోబో సాయంతో గడ్డ దాకా పంపి, సూదితో ముక్క తీస్తామన్నారు. పూర్తి మత్తు ఇచ్చారు.

ఆ మత్తులో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తున్నాను. మా నాన్న అక్కడే క్లర్కుగా పనిచేశారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు చీలిన చోట నేనొకవైపు తిరగబోతే, వెనకనుంచి చొక్కా పట్టి లాగారు. "అటు కాదురా. వెనక్కొచ్చి పక్కదాంట్లోకి పో" అన్నారు. ఆయన గొంతే. స్టాంపు సిరా వాసన కూడా వచ్చింది.

మెలకువ రాగానే, గొంతు మండుతున్నా, ఇదంతా నా భార్యకు చెప్పాను. డాక్టరుగారు వచ్చింది ఆ తర్వాతే.

"చివర్ల మ్యాప్ ఒక దారి చూపించింది సార్, కెమెరాల చూస్తే అది కాదు. వెనక్కి తీసి పక్కదాంట్లకి పంపినం. ముక్క మంచిగ దొరికింది" అన్నారాయన.

నా భార్య మంచం అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అది క్యాన్సర్ కాదు, ఏదో పాత ఇన్‌ఫెక్షన్ మచ్చ అని తేలింది.

మేలు పొందినవాళ్లు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాలి. మాట ఆపిన ప్రతిచోటా అందరూ "స్తోత్రం" అంటారు. నాన్న వచ్చారన్నాను, స్తోత్రం అన్నారు. క్యాన్సర్ కాదన్నాను, ఇంకా గట్టిగా అన్నారు. ఆ ఊపులో గొట్టం, సూది, డాక్టరు అన్నీ జారిపోయాయి. "ప్రభువు ముట్టాడు, గడ్డ లేదు" అనేసి కూర్చున్నాను. ఆ గడ్డ ఇప్పటికీ నాలోనే ఉంది.

సీతాఫల్‌మండిలో ఉండే మా సంఘం సుగుణ టీచరుగారికీ అలాంటి గడ్డే ఉందని, నా సాక్ష్యం విని ముక్క తీసే పరీక్ష మానేశారని తర్వాత తెలిసింది. వెంటనే వెళ్లాను.

"నేను చెప్పింది పూర్తిగా నిజం కాదండి, టీచరుగారూ."

"ఎంత కాదు? సగమా, పావా? లెక్కల టీచర్నయ్యా, సరిగ్గా చెప్పు."

గొట్టం దారి తప్పి వెనక్కొచ్చిందనీ, సూదితో ముక్క తీశారనీ, గడ్డ ఇంకా నాలోనే ఉందనీ చెప్పాను.

"మరి మీ నాన్న?"

"ఆయన మాత్రం వచ్చారండి."

"అయితే సూదికే దారి చూపించాడన్నమాట" అని, కూతుర్ని పిలిచి ఆసుపత్రికి ఫోన్ చేయమన్నారు.

పరీక్షయ్యాక చూడ్డానికి వెళ్లాను. "నాకెవరూ రాలేదయ్యా. ప్రార్థన చేస్తూనే నిద్రలోకి జారాను. ఒట్టి చీకటి" అన్నారు. మాటలో నిష్ఠూరం లేదు.

ఆవిడది క్యాన్సరే. ఇంకా పాకలేదట, ఆపరేషన్ చేస్తామన్నారు.

ఉపవాస ప్రార్థన ఒక్కటీ తప్పని మనిషి ఆవిడ. ఆవిడ దగ్గరికి ఎవరూ ఎందుకు రాలేదు? నాలాంటివాడి చొక్కా ఎవరు పట్టుకున్నారు? ఎంత ఆలోచించినా తెగడం లేదు.

"ఆపరేషన్ రోజు నువ్వొచ్చి తలుపు బయట కూర్చో. లోపలికి ఎవరొస్తారో, రారో" అన్నారు టీచరుగారు.

వస్తానన్నాను.