ఆయమ్మ మీద రాసిన కాగితం

మా పీజీ కళాశాల వనపర్తి నుంచి గద్వాల వెళ్లే రోడ్డు పక్కన, ఊరికి దూరంగా ఉంటుంది. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే నాకు నాలుగేళ్ల కిందట పర్యావరణ క్లబ్బు బాధ్యత అప్పగించారు. పాత పెయింటు డబ్బాలు తెప్పించి పిల్లలతో రంగులు వేయించాను. పచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త. హాస్టల్ మెస్ దగ్గర నిలబడి, తిన్న పళ్లెం ఎక్కడ దులపాలో, నీళ్ల సీసా ఎక్కడ వేయాలో రోజూ చెప్పేదాన్ని. రెండు నెలలకు పిల్లలకు అలవాటైంది. సాయంత్రానికి పొడి చెత్తను సంచుల్లో కట్టి హాస్టల్ వెనక గోడకు ఆనించి పెట్టేవారు. వారానికి రెండుసార్లు చెత్త కాంట్రాక్టరు ట్రాక్టర్ వచ్చి తీసుకెళ్లేది.

ఒక సోమవారం సాయంత్రం గోడ దగ్గర ఆరు సంచులు చూశాను. మర్నాడు పొద్దున ట్రాక్టర్ రాకముందే వెళితే రెండే ఉన్నాయి. పై వారమూ అంతే. వాచ్‌మన్‌ను అడిగాను.

"నాకేం తెల్వదు మేడం. అందరికన్న ముందుగాల ఆయమ్మ వస్తది. ఆమెనడుగుండ్రి" అన్నాడు.

ఆయమ్మ అంటే మా హాస్టల్ ఊడ్చే ఆమె. యాభై ఏళ్లుంటాయి. అమ్రాబాద్ దగ్గరి అడవి పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఇటు వచ్చిందని విన్నాను. ఎక్కువ మాట్లాడదు. నేను డబ్బాల గురించి చెబుతున్నప్పుడు చీపురు పట్టుకుని దూరంగా నిలబడి వినేది. ఆ చూపులో నాకు వెటకారం కనిపించేది.

వాచ్‌మన్ ఆమెనే అడగమన్నాడు. నేను అడగలేదు. చూడటం మొదలుపెట్టాను. ఒక పొద్దున ఆమె కొంగు కింద ఏదో పట్టుకుని పాత ల్యాబ్ వెనక్కి వెళ్లింది. ఇంకోరోజు వట్టి చేతులతో అటు నుంచే వచ్చింది. నన్ను చూసి దారి మార్చుకుంది. పిల్లలు కష్టపడి వేరు చేసిన సీసాలు, కాగితాలు ఈమె బయట అమ్ముకుంటోందని మనసులో ఖాయం చేసుకున్నాను. అలా అనుకున్న తర్వాత ఆమె చేసే ప్రతి పనీ దానికే సాక్ష్యంలా కనిపించింది. తలుపు మెల్లగా వేస్తే దొంగతనం, నవ్వితే కప్పిపుచ్చుకోవడం. మా తెలకపల్లిలో మిరప కల్లం దగ్గర కూలీలను మా నాన్న అలాగే గమనించేవాడు. చిన్నప్పుడు నాకు అది నచ్చేది కాదు.

ప్రిన్సిపాల్‌కు కాగితం రాసి ఇచ్చాను. పేరు రాయలేదు కానీ ఎవరి గురించో ఎవరికైనా తెలిసేలా రాశాను. ఆయన విచారణ ఏమీ పెట్టలేదు. ఆయమ్మను హాస్టల్ నుంచి తీసి గేటు రోడ్డు ఊడ్చే పనికి మార్చారు. ఎండాకాలం మొదలైన రోజులవి. ఆ రోడ్డు మీద ఒక్క తుమ్మచెట్టు తప్ప నీడ లేదు.

ఆ తర్వాత మొదటి మంగళవారం గోడ దగ్గర సంచులన్నీ ఉన్నాయి. నా అనుమానం నిజమైందని సంతోషపడ్డాను. సంచులు ఎక్కిస్తుంటే చూద్దామని అక్కడే ఆగాను. ట్రాక్టర్ అతను దిగి, కొడవలితో సంచుల మూతులు కోసి, ట్రాలీలో అప్పటికే ఉన్న మెస్ ఎంగిలి మెతుకుల మీదే అన్నీ గుమ్మరించాడు. సాంబారు కారుతున్న కాగితాల మీద పచ్చ డబ్బా కూడా బోర్లించాడు.

"ఏంది, అన్నీ కలిపేస్తున్నావు?" అని అరిచాను.

"ఎప్పుడు గిట్లనే పోస్తం మేడం. వేరేగ తెమ్మని మాకెవ్వరు చెప్పలే. అంత ఒక్క గుంతలనే పడతది" అన్నాడు. అతని గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు.

క్లాసుకు వెళ్లకుండా గేటు దగ్గరికి నడిచాను. ఆయమ్మ ఆ తుమ్మచెట్టు పక్కన కూర్చుని నీళ్లు తాగుతోంది. నన్ను చూసి లేచింది.

"ఆయమ్మా, ఆ సంచులు నువ్వు ఏం చేశావు?"

"గిప్పుడడుగుతుండ్రా?" అని, చీపురు అక్కడే పడేసి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

పాత ల్యాబ్ వెనక, వాడకం లేని మోటరు గది తలుపు తోసింది. లోపల పైకప్పు దాకా సంచులు. సీసాలు ఒక దిక్కు, మూతలు ఒక దిక్కు, తెల్ల కాగితం వేరు, అట్టలు వేరు. నేను పిల్లలకు నేర్పినదానికంటే శుభ్రంగా వేరు చేసి ఉన్నాయి.

"చిన్నప్పుడు అడవిల తపసి చెట్ల బంక ఏరి అమ్ముతుంటిమి. తెల్లది వేరు, ఎర్రది వేరు పెట్టాలె. జర కలిసినా కొనేటోళ్లు అంతా ఖరాబుదాని కిందనే తీసుకుందురు. ట్రాక్టరాయన కలుపుడు చూస్తె పానం ఒప్పలే. మోసినకాడికి మోసి దాచిన" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకన్న ముందు ఒక సారు గిట్లనే డబ్బాలు పెట్టిండు. ఫొటోలు దిగినంక అన్ని కాలవెట్టిండ్రు. మీరు గూడ గంతే అనుకున్న. నేను దాచింది చెప్తె ఇవి గూడ పోతయని భయపడ్డ."

ఆమె కూడా నన్ను అనుమానించిందన్నమాట. నాలా కాగితం రాయలేదు, అంతే తేడా.

"నీ మీద రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. నన్ను చూసే చూపు మారింది గద" అంది.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి నా కాగితం తప్పని మరో కాగితం రాసిచ్చాను. "అంత ఖాయంగ రాస్తిరి గద మేడం అప్పుడు" అన్నారాయన. నిజమే. చూడని విషయం గురించి నేను అంత గట్టిగా ఎలా రాయగలిగానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన స్వయంగా వచ్చి మోటరు గది చూశారు. ఆయమ్మ మళ్లీ హాస్టల్ పనికి వచ్చింది. నాగర్‌కర్నూల్ నుంచి పాత సామాను కొనే అతను నెలకోసారి బండి తెస్తున్నాడు. తడి చెత్తకు వెనకాల గుంత తవ్వించి ఎరువు చేస్తున్నాం. ట్రాక్టర్‌కు ఇప్పుడు ఇవ్వాల్సింది తక్కువే.

పోయిన ఏడాది గద్వాలలో ఒక కళాశాల వాళ్లు మాట్లాడమని పిలిస్తే ఆయమ్మను కూడా రమ్మన్నాను. "నన్నెందుకు? ఫొటోకా?" అని అడిగింది. మాట్లాడటానికి అన్నాను. బస్సు ఎక్కేదాకా నమ్మలేదు. అక్కడ మైకు వద్దని, బంక సంగతి చెప్పి, పిల్లలను ఒకటే అడిగింది.

"మీ చెత్త బండి యాడికి పోతదో, ఎవరన్న ఎన్క పోయి చూసిండ్రా?"

ఒక్క చేయీ లేవలేదు. ముందు వరసలోని లెక్చరర్లు నా వైపు చూశారు. బండి వెనక నేనూ ఎప్పుడూ వెళ్లలేదు. తల దించుకున్నాను.