ఎకానమీ నోట్సులో చివరి పద్నాలుగు పేజీలు

ఇప్పుడు ఫోను ఏం చేసి చూపించినా ఎవరూ నోరు తెరవడం లేదు గానీ, నేను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలకు చదువుకున్న ఆ రెండేళ్లలో ప్రతి కొత్త యాప్ మాకు ఒక చిన్న అద్భుతమే. ఎవరో ఒకరు "ఇది చూసిన్రా?" అంటే చాలు, గదిలోని ఆరుగురం మంచాలు దిగి ఆ ఫోను చుట్టూ మూగేవాళ్లం. (ఆరుగురం అన్నాను గానీ, నేను వెనక నిలబడి భుజాల సందులోంచి చూసేదాన్ని.) నాకు నలుగురిలో మాట పెగలదు. చెప్పవలసినవన్నీ రాసుకునేదాన్ని. విడిగా డైరీ పెట్టుకుంటే "ఏం రాస్తున్నవ్?" అని అడుగుతారని భయం. అందుకే ఎకానమీ నోట్సు పుస్తకాన్నే తిరగేసి, చివరి నుంచి డైరీ రాసేదాన్ని. ముందు నుంచి ద్రవ్యోల్బణం, వెనక నుంచి నా బతుకు. రెండూ పెరుగుతూ ఒకదానికొకటి ఎదురొస్తుండేవి.

నా పక్క మంచం వరంగల్ అక్కది. గ్రూప్స్ పరీక్ష మూడోసారి రాస్తోంది. గొంతు మాత్రం పదిమందికి సరిపోయేంత. నాకు ఇంకో గరిటె సాంబారు కావాలన్నా హాస్టల్ ఆంటీని అక్కే అడిగేది. ఆ ఊళ్లో నాకు నోరంటూ ఉంటే అది అక్కే. ఒకరోజు అక్క, "నీ ఎకానమీ నోట్స్ మస్తుంటది, హాస్టల్ వాట్సాప్ గ్రూపుల పెట్టరాదే" అంది. పేజీ పేజీ ఫోటో తీయాలా అన్నట్టు నేను మొహం పెట్టగానే, "గంత పరేషాన్ ఎందుకు? గీ యాప్ సూడు" అని నా ఫోన్లో ఒకటి వేసి ఇచ్చింది. ఫోనును పుస్తకాల దొంతర అంచున కెమెరా కిందికి చూసేలా పెట్టి, కింద పేజీలు తిప్పుకుంటూ పోతే చాలట. అదే చూసుకుని, వంకర సరిచేసి, నీడ తుడిచి, టక్కున తీసుకుంటుంది. నా చేతిరాత అచ్చు పుస్తకంలా కనబడింది. నిజంగా కళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం అందరూ లైబ్రరీకి పోయాక ఒక్కదాన్నే కూర్చుని నోట్సు మొత్తం తీశాను. అయిపోయింది. లేచిపోతే బాగుండేది. ఊరికే, మొదట్లో ఏం రాసుకున్నానో చూద్దామని పుస్తకం తిరగేశాను. నా రాత నాకే ఎంత నచ్చిందంటే (సిగ్గుగానే చెబుతున్నాను), పైన ఫోను ఉందన్న సంగతే మరిచి, నాలో నేను నవ్వుకుంటూ పద్నాలుగు పేజీలు చదివాను. నాతో పాటు ఫోనూ చదివింది. తర్వాత అదేదీ చూసుకోకుండా ఫైలును హాస్టల్ గ్రూపులో పెట్టి, వచ్చిన ఐదు బొటనవేళ్లను చూసి మురిసిపోయాను.

వారం తర్వాత, పొద్దున్నే ఉప్మా ముందు కూర్చున్నాం. గ్రూపులో ఎవరో స్టిక్కర్ పెట్టారు. పసుపు రంగు మీద చేతిరాత: "ఈ రోజు కూడా ఉప్మా. దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్న సిలబస్‌లో లేదు." గది గదంతా పడీ పడీ నవ్వింది. "ఎవరు రాసిన్రోగని కిరాక్ రాసిన్రు!" "ఊరంతా తిరుగుతున్నదట గిది." నా చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆ 'ఉ' తోక నాది. ఆ వంకర నాది. అనుమానం రాకూడదని నేనూ నవ్వాను, అందరూ ఆపేశాక, కాస్త గట్టిగా. అక్క నా వైపు వింతగా చూసింది.

మేడ మీదికి పరుగెత్తి ఫైలు తెరిచాను. ద్రవ్య విధానం అయిపోగానే నేను మొదలయ్యాను. చెరిపేద్దామంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉప్మా పోతే పోయింది, పన్నెండో పేజీని మాత్రం రెండుసార్లు చదివాను. "అక్క బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఏడుస్తుంది. ఆ చప్పుడులో వినబడదని ఆమె నమ్మకం. ఫలితాలొచ్చిన రోజు బకెట్ నిండి పొర్లింది. మేము ఐదుగురం చదువుకుంటున్నట్టు నటించాం." నన్ను నలుగురిలో కాపాడే మనిషి కన్నీళ్లను నేను నాలుగు బజార్లలో పెట్టాను.

గ్రూపుల్లో తిరిగే నోట్సులన్నీ చివరికి చేరే చిక్కడపల్లి సందులోని జిరాక్స్ షాపుకు పోతే, నీలం అట్ట, స్పైరల్ బైండింగుతో నా నోట్సు దొంతరగా ఉంది. పైన 'టాపర్ చేతిరాత నోట్సు' అని రాసి ఉంది. (అప్పటికి నేను ప్రిలిమ్స్ గడప తొక్కలేదు.) అక్క పక్కన లేకుండా జీవితంలో మొదటిసారి ఒక షాపు ముందు నోరు విప్పాను. "అన్నా, దీంట్ల చివరి పద్నాలుగు పేజీలు తీసేస్తరా? అవి సిలబస్ కాదు."

జిరాక్స్ అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "గవ్వి తీస్తే ఇంకేమున్నదమ్మా? అందరు ఎనక నుంచే చదువుతున్నరు. నిన్న నలుగురు పిల్లలొచ్చి గా నల్లా పేజీ ఒక్కటే తీసియ్యమన్నరు."

"ఎవరు రాసిన్రట?" గొంతు నాదేనా అనిపించింది.

"ఎవరికెరుక! నారాయణగూడ పిల్లలు మా హాస్టలే అంటరు, గీ గల్లీ పిల్లలు మా హాస్టలే అంటరు. అందరికి గదే ఉప్మా, గదే నల్లా."

ఇన్ని హాస్టళ్లలో ఇన్ని నల్లాలా? సగం ప్రాణం తిరిగొచ్చింది. రోజుకు యాభై ఫైళ్లు వచ్చే గ్రూపులో ఇది ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. కానీ నా చేతిరాత తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరున్నారు. గదికి వచ్చేసరికి ఆ ఒక్కరూ మంచం మీద, ఒళ్లో నీలం అట్ట పుస్తకంతో కూర్చుని ఉన్నారు.

"ఇట్ల రా. కూసో," అంది అక్క. కూర్చున్నాను. "బకెట్ పొర్లింది అని రాసినవ్. పొర్లలే. సగం నిండంగనే నేనే బంద్ చేసిన. నీళ్లు వేస్ట్ అయితే ఆంటీ ఊకుంటదా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. "నువ్వు ఆపు. ఏడ్సుడు నా డిపార్ట్‌మెంట్," అంది. కాసేపటికి, గొంతు బాగా తగ్గించి అడిగింది: "అయితే అందరికి వినబడ్డదా?"

"వినబడ్డది అక్కా."

"మరి ఒక్కరన్న తలుపు కొట్టచ్చు గదనే."

నాకు అంతకుముందు ఆ ఊహే రాలేదు. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. "భయమేసింది," అన్నాను. "రాయనీకె భయం కాలే?" అని, పుస్తకం దిండు కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. రెండు రోజులు నా సాంబారు నేనే అడుక్కున్నాను.

తర్వాతి ఫలితాలు ఓ మధ్యాహ్నం వచ్చాయి. అక్క పేరు మళ్లీ లేదు. బాత్‌రూమ్‌లో నల్లా చప్పుడు మొదలైంది. గదిలో అందరూ పుస్తకాల్లోకి వంగారు. నేను లేచాను. ఐదడుగుల దూరం. వేలి కణుపుతో తలుపు మీద ఒక్కసారి కొట్టాను.

"ఎవరే అది? తలుపు కొట్టిన్రా, బల్లి పాకిందా?" లోపలి నుంచి అక్క గొంతు, బొంగురుగా.

"నేనే అక్కా," అన్నాను. నల్లా ఆగింది.

ఆ రెండు మాటలకు, అప్పటి నేనే అయిన ఆ పిల్ల ఎంత ఊపిరి కూడగట్టుకుందో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ఆ రోజు సంగతి మాత్రం తను డైరీలో రాసుకోలేదు.