ఐడీ కార్డు వెనక చీటీ

నాలుగేళ్లుగా ఒక చీటీ నా మెడలో వేలాడుతోంది. ఆఫీసు ఐడీ కార్డు వెనక, నాలుగు మడతలుగా. రోజూ మాదాపూర్‌లో గేటు దగ్గర ఆ కార్డే ఆనించి లోపలికి వెళతాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు మా అక్కను ఎరగరు కాబట్టి.

అక్క చందానగర్‌లో జాకెట్లు కుట్టేది. అమ్మ పోయాక నన్ను ఇంజనీరింగ్ చదివించింది ఆ కుట్టుమిషన్ మీదే. తర్వాత ఆమెకు రక్త క్యాన్సర్ వచ్చింది. మెల్లగా సాగే రకం, రోజుకో గోళీ వేసుకుంటే అదుపులో ఉంటుందన్నారు. ఉంది కూడా. మూడు నెలలకోసారి రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని నేనొక్కదాన్నే ఆఫీసు నుంచి దవాఖానకు వెళ్లి మందులు రాయించుకొచ్చేదాన్ని. పేషెంటు బాగుంటే చాలామంది అలాగే చేస్తారు.

ఆ రోజు పొద్దున అక్క చీటీ ఇచ్చింది. "జర డాక్టర్ సార్‌కు సూపియ్యి. నువ్వు చెప్పుడు మర్చిపోతవ్."

మూడే ముక్కలు. జడ ఏసుకుందామంటె చేతులు లేస్తలేవు. మెట్లు ఎక్కొస్తలేదు. స్టూలు మీద కూసుంటె లేవొస్తలేదు.

చూపించలేదు. రిపోర్టు అంత బాగా రావడం అదే మొదటిసారి. ఇది చూపిస్తే గోళీ ఆపేస్తారేమో, జబ్బు తిరగబెడుతుందేమో అని భయపడ్డాను. భయమేనా? రెండున్నరకు క్లయింట్ కాల్ ఉంది. కొత్త పరీక్షలంటే సాయంత్రం దాకా అక్కడే. ఏది ముందు గుర్తొచ్చిందో ఎంత తవ్వుకున్నా తేలదు. భయమే ముందని అనుకోవాలని నాకు ఆశ, అందుకే నా మాట నేనే నమ్మను.

ఇంటికొచ్చి, "గోళీతోని అట్లనే ఉంటదట, ఫికర్ చెయ్యొద్దన్నరు" అన్నాను. డాక్టర్ గారు అనని మాట. అక్క నమ్మి ఏడు నెలలు ఓర్చుకుంది. ఒకరోజు అన్నం గొంతు దిగలేదు. అప్పుడు ఆమెను దవాఖానకు తీసుకెళ్లాను.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కండరాలను తినేస్తోందట. "ఇంత ముదిరేదాకా ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టర్ గారు అడిగారు.

"చీటీ పంపిన గద సార్. మీరే ఫికర్ చెయ్యొద్దన్నరట."

ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆయన కాగితం ముందుకు లాక్కుని మందులు రాశారు. ఆ గోళీ వల్లే కావచ్చని దాన్ని మాన్పించి వేరేది ఇచ్చారు. క్యాన్సర్ తిరగబెట్టలేదు. నేను భయపడింది జరగనే లేదు.

మింగడం తిరిగొచ్చింది. చేతులు రాలేదు. మిషన్ మీద గుడ్డ కప్పాం. ముందే చూపించి ఉంటే? "చెప్పలేం" అన్నారు డాక్టర్ గారు, ఒంటరిగా వెళ్లి అడిగితే. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు బతికాను.

ఇప్పుడు ఆఫీసుకు బయలుదేరే ముందు రోజూ అక్కకు జడ వేస్తాను. నిన్న వేస్తుంటే కార్డు ఆమె భుజానికి తగిలింది. అదే సమయంలో అంది, "ఆ సార్ మీద నాకేం కోపం లేదే. ఎంతమందిని సూస్తడు పాపం, నా చీటీ సక్కగ సదివి ఉండడు."

నేను జడ చివర రబ్బరు బ్యాండు వేశాను. ఆయన చదవలేదక్కా, నేను చూపించలేదు. ఈ మాట ఆమెకు చెప్పలేక ఇక్కడ రాశాను.