బావ కారు అద్దం

మొన్న తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు ఒక పెళ్ళికి బయలుదేరితే దారిలో సన్నగా జల్లు పట్టుకుంది. కారు నడుపుతున్న మా కోడలు వైపరు వేస్తే, నీళ్ళు పోవడానికి బదులు అద్దమంతా చారలు చారలుగా మిగిలి, ఎదురొచ్చే బండి దీపాలు ఆ చారల్లో చెదిరి కళ్ళల్లో పొడిచాయి. ఆ పిల్ల వెంటనే పెట్రోలు బంకు పక్కన ఆపి, వైపరు పైకెత్తి, తడిగుడ్డతో రబ్బరు అంచు తుడిచింది. గుడ్డకు నల్లటి మసి అంటింది. షాంపూ కలిపిన నీళ్ళతో బయటి అద్దం కడిగి, లోపలివైపు పొడి కాగితంతో రుద్దింది. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. తిరిగొచ్చి కూర్చుని, "యేమత్తా, అట్లయిపోయినావు? కడుపులో తిప్పతా ఉండాదా?" అని అడిగింది. లేదన్నాను. ఇంత చిన్న పని జరగక మా ఇంట్లో ఒక ప్రాణం పోయిందని ఆ పిల్లకు ఎలా చెప్పను? నా వయసువాళ్ళు మీరు, మీకు చెప్పుకుంటాను.

మా నాన్న తిరుత్తణిలో మగ్గం నేసేవాడు. అక్కను తిరువళ్ళూరు పక్కన పాండూరుకు ఇచ్చారు. బావకు తిరువళ్ళూరులో ఒక బాడుగ కారు ఉండేది. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పెరియపాళయం అమ్మవారికి, కృత్తికలకు మా ఊరి మురుగన్ కొండకు జనాన్ని తిప్పేవాడు. స్టీరింగు ముందు మురుగన్ పటం, దాని దగ్గర ఎప్పుడూ ఒక అగరవత్తి, పైగా ఎక్కినవాళ్ళ బీడీలు. ఆ పొగంతా అద్దం లోపలివైపు జిడ్డుపొరగా పేరుకుంటే, ఇంజను తుడిచే గుడ్డతోనే ఒకసారి అటూ ఇటూ రుద్ది వదిలేసేవాడు. ఎండల్లో నిలబడి నిలబడి వైపరు రబ్బరు బిరుసెక్కి చీలింది. వానలు పడేలోపల మార్చాలి అని తనే అంటూ ఉండేవాడు. సోమరి కాదు, మంచి మనిషి. ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండ కాసే మా వైపు వైపరు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

వానలు పట్టే ఐప్పసి నెలలో, మొదటి కాన్పుకు వచ్చిన అక్కకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. నాన్న ఊళ్ళో లేడు. అక్కను చూసిపోదామని ఆ రోజే బావ వచ్చి ఉండటం మా అదృష్టమనుకున్నాం. నర్సమ్మ వచ్చి చూసి, ఇక్కడ వద్దు, తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. అక్కను వెనక సీట్లో అమ్మ ఒళ్ళో పడుకోబెట్టి, నేను బావ పక్కన కూర్చున్నాను.

ఊరు దాటగానే వాన కమ్ముకుంది. మధ్యాహ్నమే అయినా దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. వైపరు తిరిగిన ప్రతిసారీ అద్దం తేటపడకపోగా పాలు పూసినట్టు తెల్లబడేది. "రోడ్డు యాడుందో కనపళ్ళా. లోపల తుడస్తానే ఉండు, అమ్మణ్ణీ" అన్నాడు బావ. నేను ఓణీ చెంగుతో తుడిచేకొద్దీ జిడ్డు ఇంకా పరుచుకుంది, దానిమీద మా ఊపిరి ఆవిరి పట్టింది. చివరికి ఆయన తల బయటికి పెట్టి, వాన కళ్ళల్లో కొడుతుండగా మెల్లగా నడిపాడు.

కనకమ్మసత్రం దగ్గర టీకొట్టు ఆమె మా అవస్థ చూసి, ఒక ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, సగానికి కోసి తెచ్చింది. "ఇది రుద్దు నాయనా, నీళ్ళు నిలవవు" అంటూ కారులోకి తొంగి అక్కను చూసి, తనే తడుస్తూ అద్దమంతా రుద్దింది. నిజంగానే కొంతదూరం దారి కనిపించింది. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

తర్వాత ఎదురుగా వచ్చిన లారీ ఒకటి బురదనీళ్ళు అద్దం మీద కొట్టింది. వైపరు రబ్బరు ఊడిపోయి, వట్టి ఇనుము అద్దం మీద గీసుకుంటూ తిరిగింది. బావ అంచనాగా ఎడమకు తిప్పితే చక్రాలు రోడ్డు అంచు దిగి మట్టిలో కూరుకుపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండి మాత్రం కదల్లేదు. అమ్మ ఏడుస్తూ బావను తిట్టబోతే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని, "ఆయన్ని అనొద్దు మా. ఆయనకి కనపళ్ళేదు" అంది. పొలాల్లోంచి మనుషులు వచ్చి తోసి కారును పైకి తెచ్చేసరికి అక్క పలకడం మానేసింది.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. "కొంచెం ముందుగా తెచ్చుంటే..." అని డాక్టరమ్మ బావ ముఖం చూసి ఆపేసింది. అక్క బతికింది. మళ్ళీ కడుపు పండలేదు.

రెండోరోజు ఎండ బాగా కాసింది. బావ ఎక్కడినుంచో కొత్త రబ్బర్లు తెచ్చి బిగించి, ఆసుపత్రి వాకిట్లో అద్దాన్ని లోపలా బయటా కడుగుతూనే ఉన్నాడు. కాఫీకి పిలుద్దామని వెళ్ళాను. "ఇంకా మసగ్గానే ఉండాది చూడు" అన్నాడు. ఆ అద్దంలో మసక అన్నది లేదు. కాఫీ అక్కడికే తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

ఇంటికి పంపిన రోజు అక్క కారు దాకా వచ్చి, చెయ్యి తలుపుమీద వేసి, "నేను బస్సులో వస్తా" అంది. కోపంగా కాదు, అలసిపోయిన గొంతుతో. ఆనాటినుంచి ఆ కారే కాదు, బావ నడిపే ఏ బండీ ఎక్కలేదు. అన్నం వడ్డించేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది, ఇద్దరి మధ్యా ఒక్క కటువు మాట నేను వినలేదు. కానీ మా ఇంటికి వస్తే మాత్రం తను బస్సులో వచ్చేది, ఆ బస్సు వెనకాలే ఖాళీ కారు నడుపుకుంటూ బావ వచ్చేవాడు. బస్సు ఆగిన చోటల్లా ఆగేవాడు. జనం మొదట నవ్వుకున్నారు, తర్వాత నవ్వడం మానేశారు.

ఇద్దరూ పోయారు. ఇప్పుడు ఫోను చేస్తే ఆంబులెన్సు వాకిట్లోకే వస్తుంది, ఆ దారి వెడల్పయి నున్నగా ఉంది. మంచిదే, మా కోడళ్ళకూ మనవరాళ్ళకూ ఆ భయం లేదు. కానీ మా బండి ఎక్కడ దిగబడిందో ఆ రోడ్డులో పోల్చుకోవాలని ఎన్నిసార్లు చూసినా నాకు తెలియడం లేదు. ఆ బిడ్డకు మేము పేరు పెట్టలేదు, ఫోటో తీయలేదు. ఆ బిడ్డ గుర్తుగా చూపించుకోవడానికి మాకు మిగిలింది ఆ మట్టి అంచు ఒక్కటే. దానిమీద కూడా తారు పోసేశారు.