సోమవారం మాత్ర, మనౌస్ ప్రయాణం

2014 ఫిబ్రవరిలో, ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని ఒక జీపీ సర్జరీలో, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లో, ప్రాక్టీస్ నర్స్‌గా పనిచేస్తున్న నన్ను ట్రావెల్ క్లినిక్‌కి వేశారు. ఆ పేరు విని నేను టికెట్లు అమ్ముతున్నాననుకున్న బంధువులు ఉన్నారు. దూరదేశాలకు వెళ్లేవాళ్లకు అక్కడి జబ్బులను బట్టి టీకాలు వేసి పంపే గది అది. మనిషికి ఇరవై నిమిషాలు. అందులోనే ప్రశ్నలు, సలహా, సూది, కంప్యూటర్లో నమోదు.

యెల్లో ఫీవర్ టీకా సంగతి వేరు. దాన్ని వేసే అనుమతి అన్ని సర్జరీలకూ ఉండదు, మాకు ఉంది. డాక్టరు ఒక్కొక్కరికీ చీటీ రాయక్కర్లేదు. పి.జి.డి. అనే ఉత్తర్వు కింద, శిక్షణ పొందిన నర్సే అర్హత చూసి వేస్తుంది. దాని మీద నా సంతకం ఉంటుంది, అంటే తప్పు జరిగితే నిలదీసేది నన్నే. ఆ టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. మామూలు మనిషికి రక్షణే. మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం ఆ టీకాయే ప్రాణం మీదికి తేవచ్చు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం డాక్టర్ ప్రకాశరావు గారు, ఆయన భార్య సుభద్ర గారు వచ్చారు. ఆయన రిటైరైన మత్తు డాక్టరు, ఊళ్లోని ఆస్పత్రిలో కన్సల్టెంట్‌గా చేసినవారు. ఆవిడ పెళ్లికి ముందు తెనాలిలో జాగ్రఫీ టీచరు. జూన్‌లో బ్రెజిల్ వెళ్తున్నారు, మనౌస్‌కి. సముద్రం నుంచి దాదాపు వెయ్యి మైళ్లు లోపలికి, వానాడవి మధ్య, నది ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం అది, యెల్లో ఫీవర్ ఉన్న చోటు. ప్రయాణం కోరిక ఆవిడది. నల్లనీళ్ల నది, మట్టినీళ్ల నది కలిసీ కలవకుండా మైళ్ల కొద్దీ పక్కపక్కనే పారతాయని ఏడేళ్లు పిల్లలకు బోర్డు మీద గీసి చూపించారట.

"గీసిందాన్ని ఒక్కసారి చూసి రావాలమ్మా, అంతే" అన్నారు.

నాకూ ఆవిడకూ పదేళ్లే తేడా. అయినా లీడ్స్‌లో మన తెలుగువాళ్ల లెక్కలో ఆవిడ ఆంటీయే.

ఫారాలు రెండూ డాక్టరు గారే నింపి తెచ్చారు. ఆంటీ ఫారంలో 'వాడుతున్న మందులు' అన్న చోట 'లేవు' అని రాశారు. నా కంప్యూటర్లోనూ ఆవిడ పేరు మీద ఏ మందూ లేదు. అయినా నేను నోటితో అడగాలి, అది పద్ధతి. నేను నోరు తెరిచేసరికి ఆయన అందుకున్నారు.

"ఏం సిస్టర్, ముప్పై ఏళ్లు మనుషుల్ని నిద్రపుచ్చి లేపినవాణ్ని. మా ఆవిడకు ఏముందో నాకు తెలీదా?"

"నిద్రపోయేవాళ్లు ఎదురు చెప్పరు కదండీ, డాక్టర్ గారూ" అన్నాను.

ఆంటీ నవ్వారు, ఆయన నవ్వలేదు. అంత మాట అన్నదాన్ని, ఆ తర్వాత చేసింది మాత్రం ఆయన చెప్పినట్టే. ఆంటీని విడిగా అడగకుండానే ఫ్రిజ్ తెరిచి, పొడి మందులో నీరు కలిపాను. కలిపాక గంటలోపు వాడాలి. డాక్టరు గారి రాత ముందు నా పద్ధతి తలవంచింది, నిజమే ఒప్పుకుంటాను.

కార్డిగన్ తీయమన్నాను. ఆంటీ పై గుండీ పట్టుకున్నారు. అది జారింది. మళ్లీ పట్టుకున్నారు. డాక్టరు గారు వంగి, రోజూ చేసే పనిలా ఆ గుండీలన్నీ విప్పారు. నేను ఆవిడ వేళ్లు చూశాను. కణుపులు ఉబ్బి ఉన్నాయి.

సిరంజి ట్రేలో పెట్టేసి, "ఆంటీ, ఈ వేళ్లకు ఏం వాడుతున్నారు?" అని అడిగాను.

"ఏదో సోమవారం మాత్రమ్మా. మా తమ్ముడూ డాక్టరే, హైదరాబాద్ నుంచి పంపిస్తాడు, ఎవరో ఒకరి సూట్‌కేసులో వస్తుంది."

వారానికి ఒక్కసారే వేసుకునే మాత్రలు ఎన్నో లేవు. ఎముకల బలానికి ఒకటి ఉంది. అదేమో అనుకుని, మర్నాడు ఇంకేమైనా వేసుకుంటారా అన్నాను. చిన్న పసుపు మాత్ర అన్నారు. ఇక అనుమానం లేదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్. రోగనిరోధక శక్తిని అణిచే మందది. పైగా మూడు నెలలుగా స్టెరాయిడ్ కూడా వేసుకుంటున్నారట.

డాక్టరు గారి ముఖం పాలిపోయింది. నొప్పి మాత్రలనుకున్నారట, బావమరిది చూసుకుంటున్నాడు కదా అని ఊరుకున్నారట. వెంటనే కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, నా మీద. డోసు తక్కువే, వేసెయ్యమన్నారు. నేను సిరంజిని సూదుల డబ్బాలో పడేశాను. ఆయన తిన్నగా మా సీనియర్ పార్టనర్, అంటే సర్జరీ నడిపే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, నర్సుకు నోరెక్కువ అని ఫిర్యాదు చేశారు. అందులో అబద్ధమేమీ లేదు. పార్టనర్ నన్ను పిలిచి, ఈ మందు వాడేవాళ్లకు టీకా వేయకూడదని ఉన్న ఉత్తర్వు పేజీ నేను చూపిస్తే చదివి, ఆస్పత్రిలోని కీళ్ల డాక్టరుకు అక్కడికక్కడే ఫోన్ చేశారు.

రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా తక్కువని తేలింది. ఆ మందు వాడేవాళ్లు తరచు రక్తం చూపించుకోవాలి. తమ్ముడు ప్రతి ఫోన్లోనూ చెప్పాడట. ఇక్కడ పరీక్ష కావాలంటే జీపీని అడగాలి, అడిగితే ఆస్పత్రికి పంపిస్తారు, అక్కడంతా ఈయన స్నేహితులే, మన జబ్బు వాళ్ల టీ బల్ల మీదికెక్కడమెందుకని ఆవిడ ఎనిమిది నెలలుగా వాయిదా వేశారు. డాక్టరు ఇంట్లో డాక్టరుకు చూపించుకోకపోవడం మనవాళ్లలో కొత్త కాదు. ఆ రోజు టీకా పడి ఉంటే ఈ ఉత్తరం మరోలా రాయాల్సి వచ్చేదని కీళ్ల డాక్టరు మాకు రాశారు. 

జూన్ ప్రయాణం రద్దయింది. ఆ మందు మాన్పించి, నిరోధక శక్తిని అణచని మందుకు మార్చారు. స్టెరాయిడ్ కూడా ఆపారు. నెలల తరబడి ఆగి, రక్తం కుదుటపడ్డాక, స్పెషలిస్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక 2015 మార్చిలో మళ్లీ వచ్చారు. ఈసారి డాక్టరు గారు ఫారాన్ని పెన్నుతో సహా ఆవిడ ముందుకు తోసి, "నువ్వే రాయి" అన్నారు. ఆవిడ తీరిగ్గా, వంకర అక్షరాలతో రాశారు. గుండీలు కూడా తనే విప్పుకున్నారు. టీకా వేసి, పసుపు రంగు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, పది రోజులు గడిచాకే అది చెల్లుతుందని చెప్పాను.

జూలైలో ఆంటీ, డాక్టరు గారితో కలిసి, ఫోటోలతో వచ్చారు. రంగు గుమ్మటం ఉన్న నాటకశాల, నది పెరిగితే తనూ పైకి లేచే తేలియాడే రేవు, పడవ అంచున చెయ్యి చాపి ఆవిడ. ఫోటోలో ఒక పక్క నీళ్లు నలుపు, ఇంకో పక్క గోధుమరంగు.

"చల్లనీళ్లొకటి, వెచ్చనివొకటి. మీ అంకుల్, నేనూ అనుకో. పక్కపక్కనే, కలవకుండా" అన్నారు. అంకుల్ ఈసారి నవ్వారు.

ఆ ఉద్యోగంలో ఇంకా నాలుగేళ్లు ఉన్నాను. నేర్చుకున్నది ఇది: కంప్యూటర్లో ఉండేది మేము ఇచ్చిన మందుల జాబితా, మనిషి మింగే వాటిది కాదు. ఫారం నింపినవారిని కాదు, సూది పడేవారిని అడగాలి. మందు కలపడానికి ముందే అడగాలి. ఆ తర్వాత సూట్‌కేసులో వచ్చిన మందులేమిటని అడగకుండా నేను ఫ్రిజ్ తెరవలేదు. వచ్చినవారు డాక్టర్లైతే రెండుసార్లు అడిగాను.