బాపు చెవి, నా హై-హ్యాట్

మా బాపు చెవి గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేసిన మనిషి. షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు లోపలికి నడిచి, ఇనుపమొన ఉన్న కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఇక్కడ పని చేయవచ్చు, అక్కడ అడుగు పెట్టొద్దు అని చెప్పడం ఆయన డ్యూటీ. రిటైరైనా ఆ చేయి ఊరుకోలేదు. మార్కెట్లో పుచ్చకాయ నుంచి మా ఇంటి గోడ దాకా అన్నింటినీ తట్టి చూస్తాడు. మా ఆయన ముచ్చటపడి కొన్న బిందెను కూడా తట్టి పెదవి విరిస్తే, పాపం ఆయన రెండు రోజులు ముభావంగా తిరిగాడు.

కాబట్టి నాకు హై-హ్యాట్ కొనాల్సి వచ్చినప్పుడు బాపును వెంటబెట్టుకు వెళ్లడంలో వింత లేదు. జ్యోతినగర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. పద్నాలుగో ఏట నుంచి మా చర్చిలో డ్రమ్స్ వాయించడం నా ప్రాణం. హై-హ్యాట్ అంటే ఒక స్టాండుకు ఎదురెదురుగా బిగించిన రెండు కంచు తాళాలు. కాలితో తొక్కితే మూసుకుంటాయి, పుల్లతో కొడితే పాటకు నడక ఇస్తాయి. నా పాత జత పగిలిపోయింది. కరీంనగర్ దుకాణంలో బాపు ఒక్కో జతనూ వేలితో తట్టి, కళ్లు మూసుకుని విని, అన్నిటికంటే బరువైనదాన్ని, ఖంగుమని మోగేదాన్ని నా చేతిలో పెట్టాడు.

"గిది తీస్కో బిడ్డా. దీన్ల మోసం లేదు" అన్నాడు.

నిజంగానే మోసం లేదు. మైదానంలో ప్రార్థన కూటాలు జరిగేటప్పుడు పక్క రోడ్డు మీద బొగ్గు లారీలు పోతున్నా నా తాళం చివరి వరుస దాకా వినిపించేది. ఏడాదికి పైగా ఆ జతను చూసుకుని మురిసిపోయాను.

చిక్కు రికార్డింగుతో వచ్చింది. మా చర్చివాళ్లు సొంతంగా కట్టుకున్న ఆరు పాటలను రికార్డు చేయిద్దామని పెద్దలు అనుకున్నారు. నస్పూర్‌లో ఒకాయన తన క్వార్టర్లో ఒక గదికి పరుపులు, దుప్పట్లు కొట్టి రికార్డింగ్ పెట్టాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అనే పిలుస్తాను. మొదటి పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినమన్నాడు. పాట మొదలు నుంచి చివరి దాకా నా హై-హ్యాటే. పాడినవాళ్ల గొంతులు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టున్నాయి.

"కోపానికి రాకు చెల్లె. అన్ని మైకులల్ల గీ తాళాల సప్పుడే పడుతున్నది. జర మెల్లగ కొట్టి సూడు" అన్నాడు.

మెల్లగా కొట్టాను. పాట నిద్రపోయింది. తప్పు తాళాలదని నాకూ తెలుస్తోంది, కానీ ఆడలేక మద్దెల ఓడు అన్నానంటారని నోరు మూసుకున్నాను. చివరికి ఆయనే, "వచ్చే శనివారం దాక సూద్దాం. కాకపోతె డ్రమ్స్ కంప్యూటర్ల పెట్టేస్త. ఎవ్వలికి తెల్వది" అన్నాడు.

ఆ 'ఎవ్వలికి తెల్వది' నన్ను కాల్చేసింది. ఇన్నేళ్లు వాయించినదంతా వాయించిన నిమిషానే గాలిలో కలిసిపోయింది. ఒక్కచోటైనా నా చేయి మిగులుతుందని ఎంత ఆశపడ్డానో! ఇంటికి వచ్చి పుల్లలు మంచం మీదికి విసిరి బాపు మీద విరుచుకుపడ్డాను. "మంచి జతనే ఎంచినవ్ బాపూ! నా పాటలకెల్లి నన్నే ఎల్లగొడుతున్నది."

మర్నాడు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో నస్పూర్ వచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాటను రెండుసార్లు విన్నాడు.

"తాళం పోయి పాట నెత్తిన కూసున్నది. పా బిడ్డా, కరీంనగర్ పోదాం" అన్నాడు.

రికార్డింగ్ అన్న చెప్పి పంపినట్టే, దుకాణదారుణ్ని పల్చటి జత అడిగాం. మాసిన రంగువి ఒక జత తెచ్చి స్టాండుకు బిగించాడు. నేను కూర్చుని పుల్ల వేశాను. ఖంగుమనలేదు. పొడిగా, లోగొంతుతో పలికింది. రెండో దెబ్బ పడేలోపే బాపు నా రెక్క పట్టుకుని స్టూలు మీది నుంచి వెనక్కి గుంజేశాడు. పుల్లలు కింద పడ్డాయి. దుకాణదారు బిత్తరపోయాడు. అందరికంటే ఎక్కువ బాపే బిత్తరపోయాడు.

"బాయిల కప్పు ఖంగుమంటె గట్టిదని లెక్క. గిట్ల డొల్లగ పలికిందంటె మీద పడుతది" అన్నాడు, చొక్కా చేతితో నుదురు తుడుచుకుంటూ. "నా చెవి ఎప్పుడు ఖంగుమన్న దిక్కే ఉరుకుతది. నీ తాళాలు గూడ గట్లనే ఎంచిన. తప్పు నాదే బిడ్డా."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఎందరిని వాళ్ల ఇళ్లకు క్షేమంగా పంపిన చెవి అది! దాన్ని పట్టుకుని నేను అన్న మాటలు ఏమిటి? పోదాం పద బాపూ అన్నాను. ఆయన కదల్లేదు.

"కూసో. కొట్టుకుంట పాట పాడు" అన్నాడు.

ఈసారి ఆయన తాళాలను తట్టలేదు. మైకు ఉండే చోట, చిన్న డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని చెవి ఒగ్గాడు. నేను వాయిస్తూ పాడాను. మూడు జతలు మార్చాం. ప్రతి డొల్ల దెబ్బకూ ఆయన కనురెప్పలు అదురుతున్నాయి, మడమ వెనక్కి జరుగుతోంది. మళ్లీ ముందుకు జరిగి వింటున్నాడు. నా గొంతు ఏ జతతో తేటగా వినిపించిందో దాన్ని చూపించాడు. అది అన్నిటికంటే డొల్లగా పలికిన జత. ప్రాణం కాపాడిన అలవాటును కూతురి కోసం ఆ వయసులో ఎదిరించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

శనివారం పాట పూర్తయ్యాక రికార్డింగ్ అన్న నాకూ బాపుకూ హెడ్‌ఫోన్స్ ఇచ్చి మొదటి నుంచి వినిపించాడు. గొంతులు పైన ఉన్నాయి, కింద నా చేయి నడుస్తోంది.

"కంప్యూటర్ అక్కర్లే చెల్లె. నువ్వే ఉంటవ్" అన్నాడు.

నేను గోడకు తిరిగి ఏడ్చాను. బాపు హెడ్‌ఫోన్స్ తీయలేదు. పాట ఆగిపోయాక నా వైపు చూశాడు.

"ముప్పై ఏండ్లు గీ సప్పుడు ఇనంగనే అందర్ని ఎనుకకు గుంజిన. నిమ్మలంగ కూసోని ఇన్నది ఇయ్యాల్నే. మల్లొక్కసారి పెట్టుమను బిడ్డా."