వారానికో కాలనీ

పోతానన్న నర్సును ఒక్క మాటతో ఆపినవాణ్ని నేను. మా ఆఫీసులో ఎవరినడిగినా చెప్తారు. ఎందుకంటే, వాళ్లకు చెప్పింది నేనే.

బొగ్గుబావిలో ఓవర్‌మెన్‌గా మందిని పనుల్లో పెట్టీ పెట్టీ రిటైరయ్యాక, గోదావరిఖనిలో ఓ సేవాసంస్థ నన్ను జీతానికి పెట్టుకుంది. మంచానపడ్డ పాత కార్మికుల ఇళ్లకు మా నర్సులు పోయి పుండ్లు కడుగుతారు, కాళ్లూ చేతులూ ఆడిస్తారు. ఎవరు ఏ కాలనీకి పోవాలో చెప్పడం నా పని. బావిలో వారం వారం షిఫ్టు మారినట్టే, ఇక్కడా సోమవారం సోమవారం కాలనీలు మార్చేవాణ్ని. కష్టం అందరికీ సమానం, అలకలుండవు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అందరిలోకీ పనిమంతురాలు ఓ రోజు వచ్చి, "కాకా, కరీంనగర్ ప్రైవేటు దవాఖానల పిలుస్తున్నరు. పోత" అంది.

"జీతం ఎక్కువిస్తరా?"

"జీతం గాదు కాకా. మొన్న మంచంల ఉన్న ఓ తాతను లేపి కూసోబెట్టిన. నిలబడే యాళ్లకు నన్ను వేరే కాలనీకి తోలితివి. నిలబడ్డడో, పడ్డడో నాకేమెరుక? బొగ్గు ఎవలు తవ్వినా ఒకటే. మనిషికి గూడ గట్లనేనా?"

ఇక్కడే నేను ఆ ఒక్క మాట అన్నానని చెప్తుంటాను. నిజానికి చేసిందొక్కటే: ఆమె స్కూటీ వెనక కూర్చుని ఆ తాత క్వార్టర్‌కు పోయాను. ఆమెకు తాత, నాకు బావిలో దోస్తు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏందిరో, నన్ను గూడ ఎవలు నూకినా పోయే బొగ్గు టబ్బు అనుకున్నవా? వారానికో కొత్త పిల్లను తోలుతున్నవ్. ఏ కాలు నొస్తదో వచ్చినోళ్లందరికీ మళ్ల మొదటికెళ్లి చెప్పుడేనాయె!"

ఆ సోమవారం నుంచి ఏ నర్సు ఇళ్లు ఆ నర్సువే; తాత మళ్లీ ఆమెకే. "ఈయన గేటు దాక నడిచేదాక ఉంట" అంది ఆమె. ఆ మాట తాత చెవినపడింది. అంతే! గోడ పట్టుకుని గడప దాకా వస్తున్నవాడు, గేటు మాటెత్తితే చాలు మోకాలు పట్టుకుని మూలిగేవాడు. ఆ ఉపాయం నాదేనని తర్వాత్తర్వాత ఆఫీసులో చెప్పుకున్నాను. కాదు, వాడిదే.

నెలలు గడిచాయి. ఓ పొద్దున ఆమె నవ్వుకుంటూ వచ్చింది. "కాకా, తాత రోజూ నేను రాకముందుకే గేటుకాడ నిలబడి పాలు పోయించుకుంటుండట. ఎదురింటక్క చెప్పింది."

గేటు దాకా నడిచాడంటే ఆమె పెట్టిన గడువు తీరినట్టే. "మరి కరీంనగర్?"

"ఇప్పుడెట్ల పోత? పక్క క్వార్టర్ అవ్వ నిన్ననే లేచి కూసున్నది. ఆమెను నిలబెట్టాలె గదా. జల్ది దూదికట్టలియ్యి, పోవాలె."